బాన్సువాడలో ఏది రాజకీయం, ఏది కాదు

2019 జూన్ 6న తెలంగాణ శాసనసభలో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మంది సభ్యుల్లో 12 మంది ఒక్కసారిగా టీఆర్‌ఎస్ శాసనసభా పక్షంలో విలీనమయ్యారు. ఆ విలీనానికి ఆమోదం తెలిపిన స్పీకర్ బాన్సువాడ ఎమ్మెల్యే పోచారం శ్రీనివాస్ రెడ్డి. ఐదేళ్లు గడిచాయి. 2024 జూన్ 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పోచారం ఇంటికి వెళ్లారు. బీఆర్‌ఎస్ (పాత టీఆర్‌ఎస్) టికెట్ మీద గెలిచి ఏడాది తిరగకముందే పోచారం కాంగ్రెస్‌లో చేరుతున్నట్టు ప్రకటించారు. నిన్న తీర్పరిగా కూర్చున్న మనిషి మీదే ఈసారి అనర్హత పిటిషన్ పడింది. ఇదంతా రైతుల కోసమేనని అటువాళ్లు, రాజకీయం కోసమేనని ఇటువాళ్లు వాదించుకున్నారు.

ఈ రెండు మాటలనూ విడదీయడం సాధ్యమేనా? రాజనీతి శాస్త్రంలో వందేళ్లకు పైగా నలుగుతున్న తగవు ఇదే. ఒకరి లెక్కలో చట్టసభ గోడలు దాటితే రాజకీయం ఉండదు. మరొకరి లెక్కలో పొయ్యి కాడ కూడా రాజకీయమే. ఈ నిర్వచనాలను పుస్తకాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ సబబుగానే కనిపిస్తాయి. ఒక ఊరి మీద పెట్టి చూస్తే ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తేలుతుంది. బాన్సువాడ అందుకు బాగా సరిపోయే ఊరు. అది నిజాంసాగర్ కాలువ మీద బతికే పట్టణం, 2018లో మునిసిపాలిటీ అయింది. తెలుగు, ఉర్దూ, లంబాడీ, కాస్త మరాఠీ వినబడే చోటు.

ముందు అన్నింటికన్నా పాతది, అందరికీ తెలిసినది తీసుకుందాం. రాజకీయమంటే ప్రభుత్వం, పార్టీలు, ఎన్నికలు, పదవులు. దీనికి గట్టి పునాది వేసింది జర్మన్ పండితుడు మాక్స్ వెబర్. 1919 జనవరిలో మ్యూనిక్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగంలో, ఒక భూభాగంలో న్యాయసమ్మతమైన బలప్రయోగం మీద గుత్తాధికారం తనదేనని చెప్పుకునేదే రాజ్యమని, ఆ అధికారంలో వాటా కోసం జరిగే పెనుగులాటే రాజకీయమని ఆయన అన్నాడు. అంతకు రెండు వేల ఏళ్ల ముందే దండనీతి పేరుతో కౌటిల్యుడు దాదాపు ఈ సంగతే మాట్లాడాడు. పాలకుడి చేతిలోని దండాన్ని ఎంత వాడాలి, ఎప్పుడు వాడాలి అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

ఈ కొలతతో బాన్సువాడను చూస్తే కథ సాఫీగా నడుస్తుంది. పోచారం 1994లో, 1999లో తెలుగుదేశం తరఫున గెలిచారు. 2004లో కాంగ్రెస్ అభ్యర్థి బాజిరెడ్డి గోవర్ధన్ ఆయన్ను ఓడించారు. 2009లో మళ్లీ తెలుగుదేశం నుంచే గెలిచిన పోచారం, 2011లో తెలంగాణ కోసమంటూ పార్టీకీ, శాసనసభ్యత్వానికీ రాజీనామా చేశారు. టీఆర్‌ఎస్ అభ్యర్థిగా అదే ఏడాది ఉప ఎన్నికకు వెళ్లి గెలిచారు. 2014లో వ్యవసాయ మంత్రి, 2019లో స్పీకర్ అయ్యారు. 2011లో పార్టీ మారినప్పుడు మళ్లీ ఓటరు గడపకు వెళ్లారు, 2024లో వెళ్లలేదు. మనిషి ఒక్కడే, చేసిన పనీ ఒకటే, దారులు మాత్రం రెండు. 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టానికి ఈ తేడాయే ముఖ్యం. తనను గెలిపించిన పార్టీ సభ్యత్వాన్ని సభ్యుడు తానుగా వదులుకున్నాడా, సభలో పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటేశాడా అన్నంత వరకే ఆ చట్టం చూస్తుంది. మెడలో పడిన కండువా ఏ పార్టీది, ముఖ్యమంత్రిని కలిసింది నియోజకవర్గ పనుల కోసమా కాదా అని లాయర్లు గంటలు గంటలు వాదించుకోవాల్సి వస్తున్నది అందుకే. పార్టీ మారారన్న పదిమంది ఎమ్మెల్యేల మీద పడిన పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

సంస్థల నిర్వచనం ఇంతవరకే తీసుకెళ్తుంది. ఎవరు ఎటు మారారో చెబుతుంది. ఎందుకు మారారో, మారితే బీర్కూరు రైతుకో వర్ని కౌలుదారుకో ఒరిగేదేమిటో చెప్పదు. 2023లో పోచారం చేతిలో ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఏనుగు రవీందర్ రెడ్డి, గెలిచిన పోచారం ఏడాదిలోపే ఒకే పార్టీ నీడకు చేరారు. ఓటరు ఇద్దరిలో ఒకర్ని ఎంచుకున్నాడు, ఇద్దరూ ఒకే పక్షమయ్యారు. ఆ ఓటు విలువ ఏమిటన్నది ఈ నిర్వచనానికి అసలు ప్రశ్నే కాదు.

అమెరికన్ పండితుడు హెరాల్డ్ లాస్‌వెల్ 1936లో తన పుస్తకం పేరులోనే నిర్వచనం పెట్టేశాడు. ఎవరికి, ఏమిటి, ఎప్పుడు, ఎలా దక్కుతుందన్నదే రాజకీయం. 1953లో డేవిడ్ ఈస్టన్ దాన్ని ఇంకాస్త బిగించాడు. సమాజం విలువైనవిగా ఎంచుకునే వాటిని అధికారంతో, అందరూ కట్టుబడేలా పంచడం రాజకీయమన్నాడు. ఈ మాటలు ఎక్కువ అర్థమయ్యేది యూనివర్సిటీ క్లాసులో కాదు, యాసంగిలో కాలువ గట్టు మీద.

మంజీర నది మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాం అది. నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆనకట్ట కింద రెండు లక్షల 75 వేల ఎకరాలు పారుతుందని లెక్క వేశారు. నీళ్లు నిలవడానికి సుమారు 40 గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఆ గ్రామాల వాళ్లకు ఓటు లేదు, చట్టసభ లేదు, పార్టీ లేదు. వెబర్ మాటను ఇరుకుగా తీసుకుంటే అక్కడ రాజకీయమే జరగలేదు. లాస్‌వెల్ ప్రకారం చూస్తే ఇందూరు (నిజామాబాద్) జిల్లా చరిత్రలో ఇంతకు మించిన రాజకీయ నిర్ణయం ఇంకొకటి లేదు. కాలువ నీళ్ల వెంట కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, వాళ్ల క్యాంపులు వెలిశాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, చుట్టుపక్కలంతా చెరకు పచ్చబడింది. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు చేతిలోకి వెళ్లి, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు తోటలు వరి మళ్లయ్యాయి.

కాలువ మీద అధికారం ఎలా పనిచేస్తుందో చూడాలంటే తూము దగ్గర నిలబడాలి. పై వైపు రైతుకు నీళ్లు గట్టు దిగి వస్తాయి, చివరి ఆయకట్టు రైతుకు కబురు వస్తుంది. వంతులవారీగా వదిలే ఆన్-ఆఫ్ పద్ధతిలో ‘ఆఫ్’ రోజున కూడా పైన తూము కొంచెం ఎత్తి ఉంటే, కింద పొట్టకొచ్చిన వరికి తడి దక్కదు. అందుకే రాత్రిళ్లు టార్చిలైట్లు పట్టుకుని పిల్ల కాలువల వెంట కాపలా నడుస్తుంటుంది. లష్కర్ తాళం ఎవరి మాట మీద తీస్తాడు? ఏఈ ఫోన్ ఎవరి నుంచి వస్తే ఎత్తుతాడు? నీరటి ఎవరి పొలానికి ముందు మడవ కడతాడు? పై మెట్టున రాష్ట్ర స్థాయి కమిటీలో ఎన్ని టీఎంసీలకు ఎన్ని తడులని రాసుకుంటారు. ఆ కాగితం మడిలోకి వచ్చేసరికి ఎన్ని చేతులు మారుతుందో ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు. లాస్‌వెల్ ‘ఎప్పుడు’ అన్న మాటను ఊరికే పెట్టలేదు. వరికి పది రోజులు ఆలస్యమైన నీళ్లూ, రాని నీళ్లూ ఒకటే.

ఇక ఎగువ సంగతి. పూడిక పేరుకుపోయి నిజాంసాగర్ నిల్వ తగ్గింది. తర్వాత ఎత్తు పెంచాక ఇప్పటి పూర్తి మట్టం 1,405 అడుగులు, నిల్వ 17.8 టీఎంసీలు. దాని నెత్తిన మెదక్ ప్రాంతంలో సుమారు 30 టీఎంసీల సింగూరు వచ్చింది. హైదరాబాద్ దాహానికి మంజీరను ముందే ఆపుకునే ప్రాజెక్టు అది. పట్నం నల్లాకూ పల్లె మడికీ మధ్య పంపకం ఇది. బాన్సువాడ ఎమ్మెల్యే ఏ పార్టీ అయినా, సింగూరు నుంచి ఎన్ని నీళ్లు దింపించగలడన్నదే దశాబ్దాలుగా అతని పనితనానికి కొలబద్ద. 2021 ఏప్రిల్‌లో కాళేశ్వరం నీళ్లను కొండపోచమ్మ సాగర్ నుంచి హల్దీ వాగులోకి వదిలి, మంజీర దారిన నిజాంసాగర్‌కు చేర్చారు. గోదావరిని అంత దూరం ఎత్తిపోసి, గోదావరి ఉపనది మీది పాత ప్రాజెక్టులో కలిపారు. అందులో ఇంజనీరింగ్ ఎంతో రాజకీయమూ అంతే. కాలువ చివరన ఉన్న రైతులకైతే అంతకుముందే అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు శ్రీరాంసాగర్ నీళ్లు తెచ్చిపెట్టాయి. అంటే పైవాళ్లతో పంచుకోవడం కుదరక, కిందివాళ్లకు వేరే బావి తవ్వినట్టయింది.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల యాజమాన్యంలో సాగునీటి వ్యవస్థల చట్టం తెచ్చి, పదివేలకు పైగా నీటి సంఘాలకు పార్టీల గుర్తులు లేకుండా ఎన్నికలు పెట్టింది. నీటిని రాజకీయం నుంచి తప్పించడమే ఉద్దేశమన్నారు. చివరికి చాలాచోట్ల సంఘం అధ్యక్షుడూ, కాలువ పూడికతీత కాంట్రాక్టరూ, మండల పార్టీ నాయకుడూ ఒకే ఇంటివాళ్లయ్యారు.

పంపకం గురించిన నిర్వచనానికి ఇంకో మంచి పరీక్ష రైతుబంధు. 2018 మే 10న ఈ పథకం మొదలైనప్పుడు వ్యవసాయ మంత్రి పోచారమే. పంటకు ఎకరాకు 4 వేల రూపాయలు, తర్వాత 5 వేలు. పట్టా పాస్‌బుక్ ఉన్నవారికి ఎన్ని ఎకరాలుంటే అన్నింటికీ. 2025 జనవరి నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం దాన్నే రైతు భరోసాగా మార్చి 6 వేలు చేసింది. భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేలు అంటూ ఇంకో పథకం తెచ్చింది. ఎవరికి, ఏమిటి అన్న లెక్క ఇక్కడ పైసల్లో కనబడుతుంది. నిజాంసాగర్ ఆయకట్టులో కౌలు రైతులు కొల్లలు. పొలం దున్నేదీ, అప్పు తెచ్చేదీ కౌలుదారు, ఖాతాలో డబ్బు పడేది పట్టాదారుకు. ఈ సంగతి తెలియని మంత్రి లేడు, అధికారి లేడు. మరి ఇన్నేళ్లుగా అది ఎందుకు తేలలేదు?

ఈ ప్రశ్నకు ఈస్టన్ దగ్గర జవాబు దొరకదు. 1962లో పీటర్ బాక్‌రాక్, మోర్టన్ బరాట్జ్ అనే ఇద్దరు పండితులు అధికారానికి రెండో ముఖం ఉందన్నారు. నిర్ణయాలు చేయడం ఒకటి, కొన్ని సంగతులు నిర్ణయం దాకా రాకుండా చూడటం ఇంకొకటి. కౌలుదారు పేరు కాగితం మీదికి ఎక్కితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడన్న భయం పట్టాదారుకు ఉంది. ఊళ్లో ఓట్లు తిప్పగలిగేదీ ఎక్కువగా అతనే. అందుకని కౌలు సంగతి సభలో తిరస్కారానికి గురికాదు, ఎజెండాలోకే రాదు, వచ్చినా మాటగానే మిగులుతుంది. ఏది రాజకీయమో నిర్ణయించే అధికారమే అన్నింటికన్నా పెద్ద రాజకీయ అధికారమని ఇక్కడ అనుమానం మొదలవుతుంది.

హైదరాబాద్ సంస్థాన చరిత్ర ఈ అనుమానాన్ని గట్టి చేస్తుంది. నిజాం ప్రభుత్వం ‘గస్తీ నిషాన్ 53’ అనే సర్క్యులర్‌తో, ముందస్తు అనుమతి లేని సభలను నిషేధించింది. రాజకీయం ఏమిటో అక్కడ పోలీసు అధికారి నిర్వచించేవాడు. తెలుగువాళ్లు ఇలాంటి ఆంక్షలను తెలివిగా దాటారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. తర్వాత ఊళ్లలో గ్రంథాలయాలు, 1921లో ఆంధ్ర జనసంఘం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక వచ్చాయి. పైకి అన్నీ భాష, చదువు, సంస్కారం. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ 1937లో మందుముల నర్సింగరావు అధ్యక్షతన నిజామాబాద్‌లో జరిగింది. బడులు, వెట్టి, పన్నులు అంటూ చేసిన తీర్మానాల వరస చదివితే, రాజకీయం కాదని చెప్పుకుంటూనే అవి ఎంత రాజకీయంగా ఉన్నాయో తెలుస్తుంది. మరుసటి ఏడాది 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఇంకా సరిగ్గా ఏర్పడకముందే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పేరు పెట్టుకుంటే నిషేధం, పెట్టుకోకపోతే లైబ్రరీ!

హానా ఆరెంట్ అనే తత్వవేత్తకు ఆ గ్రంథాలయం వరండాయే అసలైన రాజకీయ వేదిక. మనుషులు సమానులుగా కలిసి మాట్లాడుకుని, ఉమ్మడి పనికి దిగడమే రాజకీయమని ఆమె 1958లో రాసింది. పంపకం, ప్రభుత్వం ఆ తర్వాతివి. ఈ మాట అందంగా ఉంటుంది. అయితే ఆరెంట్ నిర్వచనంలో ఆకలికి చోటు తక్కువ. వెట్టి చేసేవాడు వరండా ఎక్కగలిగితేనే కదా సమానులుగా మాట్లాడుకునేది.

ఆ వరండాకు ఇప్పటి రూపం పంచాయతీ అనుకోవచ్చు. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో సర్పంచ్ ఎన్నికలు జరిగాయి. చట్టం ప్రకారం ఇవి పార్టీరహితం. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ వంటి గుర్తులే ఉంటాయి, చెయ్యి, కారు, కమలం ఉండవు. ఫలితాలు వచ్చిన రాత్రే ప్రతి పార్టీ తమ సర్పంచుల లెక్క విడుదల చేస్తుంది. సర్పంచ్ బ్యాలెట్ కాగితం రంగు మాత్రం బీఆర్‌ఎస్ జెండా రంగైన గులాబీ. దాని మీద జోకులకు కొదవ లేదు. ఏకగ్రీవమైన ఊళ్లకు ప్రభుత్వాలు నజరానాలు ప్రకటించడం మామూలే. బెర్నార్డ్ క్రిక్ 1962లో ‘రాజకీయానికి సమర్థన’గా ఒక పుస్తకం రాస్తూ, భిన్న ప్రయోజనాలను బలంతో అణచకుండా మాటలతో సర్దుబాటు చేయడమే రాజకీయమని వాదించాడు. ఏకగ్రీవం పైకి అలాగే కనిపిస్తుంది. పోటీకి దిగబోయినవాణ్ని ఎలా ఒప్పించారు, ఎంతకు ఒప్పించారు అని అడిగితే క్రిక్ గారి సర్దుబాటు సగం చోట్ల వేలంపాటగా తేలుతుంది.

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఇంకో వ్యవస్థ ఉంది. దాన్ని ఏ చట్టం పుట్టించలేదు. గ్రామాభివృద్ధి కమిటీ, వాడుకలో వీడీసీ. కులానికి కొందరు చొప్పున కూర్చుంటారు. బెల్టు షాపు హక్కులు వేలం వేస్తారు, గుడి కడతారు, తగవులు తీరుస్తారు, జరిమానాలు వేస్తారు. మాట వినని కుటుంబానికో, ఒక్కోసారి మొత్తం కులానికో కిరాణం బంద్, కూలి బంద్, మాట బంద్. సాంఘిక బహిష్కరణ కేసులు పోలీసు స్టేషన్ల దాకా, కోర్టుల దాకా వెళ్లిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. ఎన్నికైన పంచాయతీ పక్కనే ఎన్నిక కాని పంచాయతీ నడుస్తుంటుంది. పన్ను వసూలుకు సర్పంచ్ కిందా మీదా పడుతుంటే, వీడీసీ జరిమానా ఆ సాయంత్రమే కట్టేస్తారు. వెబర్ చెప్పిన గుత్తాధికారం ఇక్కడ ఎవరిది? ‘మేం రాజకీయాలకు అతీతం’ అని ఆ కమిటీలు చెప్పుకోవడం వాటి బలంలో భాగమే. రాజకీయం కాదన్నాక ఓటు అడగక్కర్లేదు, లెక్క చెప్పక్కర్లేదు.

ఇంటి లోపలికి వెళ్దాం. 1970ల మొదట్లో అమెరికా స్త్రీవాదులు వ్యక్తిగతమైనదీ రాజకీయమేనన్నప్పుడు చాలామంది నవ్వారు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో బీడీలు చుట్టే ఇంటిని చూస్తే నవ్వు రాదు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. పిల్లాడికి అన్నం పెడుతూ, పొయ్యి చూసుకుంటూ వేలు ఆగకుండా తిరుగుతుంటుంది. సాయంత్రానికి టేకేదారు దగ్గర లెక్క. నాసిగా ఉన్నాయని పక్కన పడేసిన బీడీలకు కూలి లేదు. ఇల్లే కార్ఖానా, కార్ఖానాకు గేటు లేదు కాబట్టి గేటు ముందు ధర్నా లేదు. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు చాట ముందు, ఈ రెండింటి మీదా నడిచే సంసారాలు ఈ ప్రాంతంలో వేలకు వేలు. 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి పింఛను మొదలైంది, 2019లో 2,016 అయింది. దానికి పీఎఫ్ ఖాతా ఉండాలి, అదీ 2014 ఫిబ్రవరి నాటికే ఉండాలన్నారు. ఒక తేదీకి ఇవతల పడినామె అర్హురాలు, అవతల పడినామె కాదు. ఇద్దరి వేళ్లూ ఒకేలా కాయలు కాసి ఉంటాయి.

అయితే అంతా రాజకీయమే అనే నిర్వచనంతో ఓ చిక్కుంది. అత్తాకోడళ్ల తగవు, ఆఫీసులో సీటు గొడవ, క్రికెట్ టీం ఎంపిక అన్నీ రాజకీయమైతే శాసనసభలో జరిగేదానికి ప్రత్యేకత ఏమిటి? అన్నింటినీ పట్టే వల దేన్నీ ఒడ్డుకు చేర్చలేదు. బీడీ ఇంటి విషయం రాజకీయమయ్యేది అది ఇంట్లో జరుగుతున్నందుకు కాదు. ఆ ఇంటి కూలి రేటును, పింఛను తేదీని, బీడీ మీది పన్నును ఇంటి బయట ఎవరో నిర్ణయించి, అందరూ కట్టుబడాలంటున్నందుకు. ఈస్టన్ దగ్గరికి మళ్లీ రావలసి వస్తుంది, ఈసారి బాక్‌రాక్ అనుమానాన్ని వెంటబెట్టుకుని.

‘ఇది టెక్నికల్ వ్యవహారం’ అన్న మాటను ఈ జోడీ పెట్టి పరీక్షించవచ్చు. కామారెడ్డి మునిసిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో చుట్టుపక్కల పల్లెల సాగు భూములు పారిశ్రామిక జోన్‌గా రంగు మారాయి. కాగితం మీద అది పట్టణ ప్రణాళిక, నిపుణుల పని. 2023 జనవరిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు, చివరికి కౌన్సిల్ ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. అదే ఏడాది చివర్లో కామారెడ్డిలో ముఖ్యమంత్రి కేసీఆర్‌నూ, ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డినీ ఇద్దరినీ ఓడించి బీజేపీ అభ్యర్థి వెంకటరమణారెడ్డి గెలిచారు. ఆ గెలుపుకు కారణాలు చాలా ఉండొచ్చు. మ్యాప్ మీద రంగు కూడా వాటిలో ఒకటని ఊళ్లలో అడిగితే చెబుతారు.

మ్యాపుల పని ఇంకా అయిపోలేదు. 2008 పునర్విభజనలో బాన్సువాడ జహీరాబాద్ లోక్‌సభ స్థానంలోకి వెళ్లింది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు చీలాక బాన్సువాడ, బీర్కూరు కామారెడ్డి జిల్లాకూ, వర్ని, కోటగిరి, రుద్రూరు నిజామాబాద్ జిల్లాకూ పోయాయి. నియోజకవర్గం మాత్రం ఒకటే. వర్ని మనిషికి కలెక్టర్ నిజామాబాద్‌లో, ఎమ్మెల్యే బాన్సువాడలో, ఎంపీ జహీరాబాద్ పేరు మీద. కొత్త జనగణన తర్వాత ఈ గీతలు మళ్లీ గీస్తారు. ఆ పని చేసే డీలిమిటేషన్ కమిషన్ ఉత్తర్వును కోర్టులో ప్రశ్నించడానికి చట్టం ఒప్పుకోదు. ఏ మండలం ఎటు పోతే ఎవరి ఓట్లు ఎటు పోతాయో బాన్సువాడ చౌరస్తా హోటళ్లలో ఇప్పటికే లెక్కలు కట్టగలిగినవాళ్లున్నారు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి కమిషన్ ఇచ్చే గడువు ఎంత ఉంటుందో, అందులో తమ మాట ఎంత చెల్లుతుందో చూడాలి.